ముప్పై గుర్తు కర్రలు

సముద్రం చూసొచ్చావా అని తిరిగి రాగానే అందరూ అడిగారు. కదిరిలో పుట్టి బెంగళూరులో ఉద్యోగం వెలగబెడుతున్నవాడికి తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు ఇంకేం పని ఉంటుందని వాళ్ళ ఉద్దేశం. నేను వెళ్ళింది కర్రలు పాతడానికి. పది రోజులు ఉన్నాను. సముద్రం హోరు విన్నాను గానీ దాని ముఖం చూడలేదు. చివరికి చూడాలని కూడా అనిపించలేదు.

ఇది ఎనభైల చివరి మాట. మా సంస్థవాళ్ళు ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టే టెలిస్కోపు కట్టాలనుకున్నారు. టెలిస్కోపు అంటే గొట్టమూ అద్దమూ కాదు. విశాలమైన బయలులో ముప్పై యాంటెనాలు విడివిడిగా నిలబెట్టి, అవి విన్నదంతా ఒకచోట కలిపి ఆకాశపు బొమ్మ తయారుచేస్తారు. ఏ యాంటెనా ఎక్కడ ఉండాలో తేల్చే పని నాది. అదేం పని, వరసగా పాతేస్తే పోలేదా అంటారేమో. అదే కుదరదు. సమాన దూరాల్లో పెడితే ఆ బొమ్మలో ఒకే నక్షత్రం పది చోట్ల కనిపిస్తుంది. ఏది అసలో ఏది దొంగో తేలదు. అందుకని ఏ రెండు యాంటెనాలను తీసుకున్నా వాటి మధ్య దూరం మరే రెండింటి మధ్య దూరంతోనూ కలవకూడదు. ముప్పైకి నాలుగు వందల ముప్పై అయిదు జతలు వస్తాయి. ఆరు నెలలపాటు బోర్డు మీద గుండుసూదులు గుచ్చుతూ పీకుతూ చివరికి ఒక అమరిక సాధించాను. చూసినవాళ్ళు ఎవరో గుండుసూదుల డబ్బా ఒలకబోశారనుకునేవాళ్ళు. నాకు మాత్రం అంత అందమైన బొమ్మ ఇంకొకటి కనపడలేదు.

దానికి చోటు కావాలి. బాపట్లకీ రేపల్లెకీ మధ్య సముద్రానికి ఇవతల ఒక చవుడు బీడు ఉందని మ్యాపులో చూసి పట్టుబట్టింది నేనే. అరచేతిలాంటి నేల, దగ్గర్లో కరెంటు తీగలు లేవు. మా సంస్థ పెద్దాయనకేమో వేరే రాష్ట్రంలో మెట్ట మీద ఒక స్థలం నచ్చింది. అక్కడ గుట్టలు అడ్డం. నా అమరికను చింపి పారేసి మళ్ళీ మొదలుపెట్టాలి. ఉప్పుగాలికి ఇనుము నిలుస్తుందా అని ఆయన అన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకాన్ని నేను. సరే, పది రోజుల్లో నేల మీద ముప్పై గుర్తులు పెట్టి చూపించు, కమిటీని తీసుకొస్తాను అన్నాడు. అలా బయలుదేరాను.

తెనాలి

రైలు దిగేసరికి నా వెంట మూడు కాళ్ళ స్టాండు, కోణాలు కొలిచే యంత్రం ఉన్న చెక్కపెట్టె, రేడియో రిసీవరు, హెడ్‌ఫోన్లు ఉన్నాయి. సామాను ఎత్తిన పోర్టరు ఏ నాటకమని అడిగాడు. తెనాలిలో పెట్టెలతో దిగినవాడు నాటకాలవాడే అయి ఉండాలి కాబోలు. కాదంటే అతనికి నిరుత్సాహం కలిగింది. హోటల్లో సర్వరూ అదే అడిగాడు. మూడోసారి రిక్షా అతను అడిగినప్పుడు విసుగెత్తి అవునన్నాను. ఏం వేషమన్నాడు. ఇంకా తేలలేదన్నాను.

ఇడ్లీ మీద కారప్పొడి చల్లి, దాని మీద నెయ్యి పోసి ఇచ్చారు. మా వైపు చెనక్కాయల చట్నీ లేనిదే ఇడ్లీ గొంతు దిగదు. రూపాయిన్నరకి కళ్ళ నీళ్ళూ ముక్కు నీళ్ళూ ఏకమయ్యాయి. అయినా ఇంకో ప్లేటు చెప్పాను.

ఊరి మధ్య నుంచి కాలువలు పారుతున్నాయి. మా ఊళ్ళో బిందెడు నీళ్ళ కోసం ఆడవాళ్ళు జుట్లు పట్టుకున్న రోజులున్నాయి. ఇక్కడ అన్ని నీళ్ళు ఎవరికీ పట్టనట్టు పోతున్నాయి. అసూయ పడ్డాను. నీళ్ళున్న చోట మనుషులకి కష్టం ఏముంటుందిలే అనుకున్నాను. ఆ మాట తర్వాత వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

కర్రల అడితిలో చేతి పొడుగు సరుగుడు కర్రలు ముప్పై కోయించి, ఒక కొన చెక్కించి, రెండో కొనకు ఎర్ర రంగు పూసి నంబర్లు వేసుకున్నాను. పందిరికా అని అడితి గుమాస్తా అడిగాడు. గుర్తు కోసం అన్నాను. అయితే గుర్తు కర్రలన్నమాట అని చీటీ మీద అలాగే రాశాడు. ఆ పేరు నచ్చి నేనూ వాడటం మొదలుపెట్టాను.

బాపట్ల ప్యాసింజరు చుండూరులో చాలాసేపు ఆగింది. పట్టాల పక్క పొలంలో నాట్లు వేస్తున్నారు. ముడులు వేసిన తాడును రెండు గట్ల మీద ఇద్దరు మగవాళ్ళు లాగి పట్టుకున్నారు. ఆడవాళ్ళు వంగి ముడి దగ్గర ఒక కుదురు చొప్పున పెడుతున్నారు. తాడు జరిగితే వాళ్ళూ ఒక అడుగు వెనక్కి జరుగుతున్నారు. నా గుండుసూదుల బోర్డును వీళ్ళు చూస్తే ఎంత అసహ్యించుకుంటారో అని నవ్వుకున్నాను.

బాపట్ల

లాడ్జిలో రిసీవరు పెట్టి విన్నాను. హెడ్‌ఫోన్లలో చిటపటలు తప్ప ఏమీ లేదు. ఇక్కడే ఇంత గోల ఉంటే బీడు మీద ఏం మిగులుతుందని దిగులుపడ్డాను. గంటసేపు వెతికితే తేలింది, పక్క గదిలో చెడిపోయిన ట్యూబులైటు. ఆ గదిలో ఉన్నది విత్తనాల ఏజెంటు, మంచివాడు. నేను గోడ కొట్టినప్పుడల్లా లైటు ఆర్పి చీకట్లో కూర్చునేవాడు.

మెస్సులో చేపల పులుసు లేని పూట లేదు. రెండోరోజు ముల్లు గొంతులో అడ్డం పడింది. మెస్సు నడిపే ఆవిడ వచ్చి ఉత్త అన్నం ముద్ద చేసి నోట్లో పెట్టి నమలకుండా మింగమంది. ముల్లు పోయింది. ఆవిడే నాకు ఏసురత్నం సంగతి చెప్పింది. అతను నాట్ల ముఠాకు మేస్త్రి, బీడు పక్క ఊరివాడు, చర్చి పెద్ద కూడా. ఆ ఏడు కాలువ నీళ్ళు చివరి ఊళ్ళకు ఇంకా చేరలేదు. ముఠా అంతా పని లేక కూర్చుని ఉంది.

చవుడు బీడు

ఆ ఊరి పేరు రాయను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

బస్సు దిగి రెండు మైళ్ళు నడవాలి. తెల్లగా ఉప్పు పేరుకున్న నేల, అక్కడక్కడ ఉప్పుచెట్టు పొదలు, దూరంగా సరుగుడు తోపు, దాని వెనక కనపడని సముద్రం. మబ్బు పట్టి వాన కురవని రోజులవి. చోటు మాత్రం నా బోర్డు కోసమే పరిచినట్టుంది.

ఏసురత్నానికి యాభై ఉంటాయి. మాట నెమ్మది. అతని అక్క కరుణమ్మ ముఠాలోని పన్నెండుమంది ఆడవాళ్ళకూ పెద్ద. టెలిస్కోపు ఇక్కడికి వస్తే గోతులు తవ్వి కాంక్రీటు పోసే పని రెండేళ్ళుంటుందని, అది వీళ్ళకే ఇప్పిస్తానని చెప్పాను. ముఖాలు విచ్చుకున్నాయి. సరదాకి హెడ్‌ఫోన్లు అందరికీ ఇచ్చి వినిపించాను. ఆకాశం అలా ఉంటుందని చెబితే ఒకరి నుంచి ఒకరు లాక్కుని విని నవ్వారు. ఖాళీ ఆకాశం హెడ్‌ఫోన్లలో ఒకటే హోరు. కరుణమ్మ చెవికి పెట్టుకున్న మరుక్షణం తీసి నా చేతిలో పెట్టేసింది. తనకు వద్దంది.

తర్వాత నేను, "రేపటి నుంచి గుర్తు కర్రలు పాతాలి," అన్నాను. అందరూ కరుణమ్మ వైపు చూశారు. కూలి చాలదేమో అనుకుని కొంచెం పెంచాను. ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. కానీ పొద్దున్నే వచ్చారు.

నాలుగు రోజులు టేపు పట్టుకున్నారు, జెండా పట్టుకున్నారు, నిలబడమన్న చోట నిలబడ్డారు. కర్ర మీద సుత్తి వేసింది మాత్రం ముప్పై సార్లూ నేనే. సుత్తి ఇవ్వబోతే మేస్త్రితో సహా అందరూ చేతులు వెనక్కి తీసుకున్నారు. ఆఫీసరు పని ఆఫీసరే చెయ్యాలని మర్యాద కాబోలనుకుని పొంగిపోయాను. నాలుగోరోజు సాయంత్రం ముప్పయ్యో కర్ర పాతి వెనక్కి నడిచి చూశాను. తెల్లటి నేల మీద ముప్పై ఎర్ర తలలు, నా బోర్డులో ఉన్నట్టే, ఏ జతకీ ఇంకో జతతో పోలిక లేకుండా. ఇంత సంతోషం నాకు పెళ్ళినాడు కూడా కలగలేదు. వెనక్కి తిరిగి చూస్తే ముఠా అంతా అప్పటికే ఇళ్ళకు వెళ్ళిపోయింది.

రేపల్లె, పెనుమూడి

కమిటీకి ఊరి మ్యాపు కావాలి. దానికోసం రేపల్లె వెళ్ళాను. గుమాస్తా పెళ్ళికి వెళ్ళాడన్నారు. ఒకరోజు అనుకున్నది రెండు రోజులైంది. వేచి ఉండలేక పెనుమూడి రేవుకు వెళ్ళి కూర్చున్నాను. కృష్ణ అంత వెడల్పు ఉంటుందని నేను ఊహించలేదు. పడవ అవతలి ఒడ్డుకు వెళ్తే దివిసీమ. రేవులో టీ తాగుతున్న పడవ సరంగుతో, ఇన్ని నీళ్ళ పక్కన బతకడం అదృష్టమన్నాను. అతను గ్లాసు కడిగి పెట్టి, "చూసిపోయే వోళ్ళకి బానే ఉంటయ్యండి," అన్నాడు. ఎదురుమాట కాదు, ఊరికే అన్నాడు. నాకు ఎందుకో ఆ టీ చేదుగా అనిపించింది.

మ్యాపు దొరికింది. కమిటీ జీపు రావడానికి ఇంకా రెండు రోజులుంది. బీడు మీద నేను వేరే పని పెట్టుకోలేదు. ఆ రెండు రోజులూ హాయిగా చూసుకుంటూ గడపవచ్చనుకున్నాను.

మళ్ళీ చవుడు మీద

దూరం నుంచే ఏదో తేడా కనిపించింది. దగ్గరికి వెళ్ళి చూశాను. ముప్పై కర్రలూ మూడు వరసలై ఉన్నాయి. వరసకి పది. తాడు పట్టి పాతినట్టు తిన్నగా, కర్రకీ కర్రకీ సమానంగా. నా అలవాటు మానలేక టేపు తీసి కొలిచాను. వేలెడు తేడా కూడా లేదు.

ఆ పూట నేను అన్న మాటలన్నీ ఇక్కడ రాయలేను. ముఠాను పిలిపించి నిలబెట్టి అరిచాను. బుర్ర లేదా అన్నాను. నాట్లు వేసే చేతులకి ఇంతకన్నా ఏం తెలుస్తుందన్నాను. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. కరుణమ్మ నా కళ్ళలోకి చూస్తూ అంతా వింది. తర్వాత, నేనే పీకించానంది. అంతే, ఇంకో మాట లేకుండా ఆడవాళ్ళను తీసుకుని వెళ్ళిపోయింది.

ఏసురత్నం మిగిలాడు. కూర్చోండి సార్ అని తన తువ్వాలు పరిచాడు.

"ఉప్పెనొచ్చిన ఏడు ఈ బీడంతా శవాలేనండి. మూడు రోజుల దాకా నీళ్ళు తియ్యలా. మోసుకెళ్ళే ఓపిక ఎవరికుంది? ఎక్కడున్నోళ్ళని అక్కడే పాతాం. తలకాడ ఒక సరుగుడు కర్ర. శిలువ కట్టటానికి అడ్డకర్రలు కూడా చాల్లేదు. గుర్తు కర్రంటే మాకు అదేనండి."

పన్నెండేళ్ళ కిందటి ఉప్పెన గురించి నేను పేపర్లో చదివాను. అంకెలు చదివి పేపరు మడిచి పెట్టినవాణ్ణి.

ఆ కర్రలు ఏమయ్యాయని అడిగాను. కొన్ని చెదలు తిన్నాయట, కొన్ని గొడ్లు రాసుకుని పడగొట్టాయట, మిగిలినవి ఇంకో గాలివానకు పోయాయట. ఎవరు ఎక్కడున్నారో ఇప్పుడు ఎవరికీ తెలియదు. కరుణమ్మకు ఒక్కతే కూతురు, అప్పటికి తొమ్మిదేళ్ళు. ఈ బీడులోనే ఎక్కడో ఉంది. నేను పని ముగించిన నాలుగోరోజు సాయంత్రం ఆ ముప్పై కర్రలూ చూసి, మళ్ళీ ఎవరి కోసం పాతారోనని ఆడవాళ్ళు పొయ్యి రాజెయ్యలేదట. మర్నాడు నాట్ల తాడు తెచ్చి వరసలో పెట్టారు.

"వరసలో ఉంటే అది నాటేనండి. వరస తప్పితేనే గుర్తు," అన్నాడు.

నా అమరిక గురించి అతనికి వివరించాను. అప్పటికీ నాలో ఆశ చావలేదు. ఏ రెండింటి మధ్య దూరమూ ఇంకో రెండింటి మధ్య దూరంతో కలవకూడదని, కలిస్తే లేని నక్షత్రాలు కనపడతాయని చెప్పాను. అతను వేలితో ఉప్పు మీద చుక్కలు పెట్టాడు, చెరిపాడు.

"అట్టా పెట్టటం నీళ్ళకి బాగా వొచ్చండి," అన్నాడు.

ఆరు నెలలు కష్టపడి నేను సాధించిన అందం ఆ నేల మీద ముందే ఒకసారి పరిచి ఉంది.

చీకటి పడకముందే అతను లేచాడు. అసలు సంగతి అప్పుడే అడిగాను. కమిటీ కాగితంలో అడ్డంకులని ఒక గడి ఉంది, దాంట్లో నేనేం రాస్తే అదే అవుతుంది, ఏం రాయమంటావన్నాను.

"మీరు రాయకపోతే ఎవరికీ తెలవదండి. మా వోళ్ళకి పని కావాలి, కాదన్ను. వరసలో అయితే తవ్వుతాం. మీ లెక్క ప్రకారం తవ్వాలంటే మాత్రం, ఆ గుంట తవ్వే చేతులు మావేగా సార్."

వరసలో తవ్వితే మాత్రం కింద వాళ్ళు లేకుండా పోతారా అని అడగబోయి ఆగాను. అది అతనికి తెలియంది కాదు. తెలిసి కూడా ఎలా తవ్వగలరో ఆ దారి తనే చెబుతున్నాడు. కానీ ఆ దారిన నా టెలిస్కోపు రాదు.

జీపు వచ్చిన రోజు

ఆ రెండు రోజులూ బాపట్ల లాడ్జిలో బోర్డు ముందు కూర్చున్నాను. వరస వరసగా ఉంటూ దూరాలు కలవకుండా ఏదైనా కుదురుతుందేమోనని చూశాను. అలాంటిది సాధించాలంటే ఇంకో ఆరు నెలలు పడుతుంది. గుండుసూదులు పీకుతుంటే ప్రతి సూది దగ్గరా చెయ్యి ఆగింది. విత్తనాల ఏజెంటు నేను గోడ కొట్టకుండానే లైటు ఆర్పేశాడు, పాపం.

జీపు పొద్దున్నే వచ్చింది. మా పెద్దాయనా ఇంకో ముగ్గురూ దిగి, మూడు వరసల కర్రలు చూసి నా వైపు చూశారు. నేను కాగితం ఇచ్చాను. అడ్డంకుల గడిలో ఒక్క ముక్క రాశాను: శ్మశానం, హద్దులు తెలియవు. పెద్దాయన రెండుసార్లు చదివాడు. కర్రలు పాతకముందు కనుక్కోవాల్సిన సంగతి కదా అన్నాడు. అవునన్నాను. అంతకన్నా ఏమీ అనలేదు, అంటే బాగుండేది. అరగంటలో జీపు తిరిగి వెళ్ళిపోయింది. ముఠాకు రెండేళ్ళ పని పోయింది. ఏసురత్నం దూరంగా నిలబడి జీపుకి నమస్కారం పెట్టాడు.

తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. టెలిస్కోపు ఆ మెట్ట మీదికే వెళ్ళింది. దాని అమరిక కూడా నేనే గీశాను. మూడు దారులు వేసినట్టు యాంటెనాలు తిన్నగా వరసల్లో ఉంటాయి, దూరాలు మాత్రం కలవవు. గుట్టలను తప్పించడానికే అలా గీశానని మా వాళ్ళు అనుకుంటారు. వాళ్ళతో నేను వాదించలేదు.

పద్నాలుగో కర్ర

జీపు వెళ్ళాక కర్రలు పీకి కట్ట కడుతుంటే కరుణమ్మ ఒక్కతే వచ్చింది. నేను లేచి, ఆ రోజు అన్న మాటలకు క్షమించమన్నాను. ఆమె కట్టలోంచి ఒక కర్ర తీసింది. దాని ఎర్ర తల మీద నా రాతలో పద్నాలుగు అని ఉంది.

"ఇది నాకిస్తావా నాయనా?"

అన్నీ తీసుకోమ్మా, పొయ్యిలోకి పనికొస్తాయన్నాను. తల అడ్డంగా ఊపింది.

"నీ కాగితంలో ఇది ముందు ఎక్కడుండేదో చూసి చెప్పు."

నోటుబుక్కు తీశాను. ఏసురత్నాన్ని కేకేస్తే వచ్చి టేపు రెండో కొస పట్టుకున్నాడు. మూడు కాళ్ళ స్టాండు మళ్ళీ నిలబెట్టాను. కోణం చూసి, దూరం కొలిచి, వెంట్రుకవాసి తేడా లేకుండా ఆ చోటు పట్టుకునేసరికి గంట పట్టింది. ఆమె ఆ గంటా కర్ర పట్టుకుని నిలబడే ఉంది. చోటు చూపించి సుత్తి ఎత్తబోతే చెయ్యి చాపింది.

"మా పిల్ల ఇక్కడ లేదని నాకూ తెలుసు నాయనా. ఎక్కడో ఒకచోట ఉండాలిగా," అని సుత్తి తీసుకుంది.

మోకాళ్ళ మీద కూర్చుని నాలుగు దెబ్బలు వేసింది. నేల గట్టిగా ఉంది, అయినా కర్ర నిటారుగా దిగింది. లేచి ఉప్పు దులుపుకుని, నా నోటుబుక్కు వైపు చూసి లెక్క సరిపోయిందా అని అడిగింది.

సరిపోయిందమ్మా అన్నాను.